నాచును పెంచుతున్నది మన మేతే

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు పొద్దున్నే గట్టెక్కగానే ముందు నీటి రంగు చూస్తాడు. లేత గోధుమ రంగో, లేత ఆకుపచ్చో కనిపిస్తే ఆ పూటకు గండం గడిచినట్టే. గాలివాలు మూలలో చిక్కటి పచ్చ తెట్టు కట్టి ఉంటే ఫోన్ తీస్తాడు. ఆ ఫోన్ ఎక్కువగా వెళ్లేది ఆక్వా మందుల షాపుకు. సాయంత్రానికల్లా చెరువులో ఏదో ఒక మందు పడుతుంది. రెండు మూడు రోజుల్లో పచ్చదనం పోతుంది. కొద్దిరోజులకే మళ్లీ వస్తుంది. ఒక్కోసారి పోతూ పోతూ పంటను కూడా తీసుకుపోతుంది.

ఉండి, కాళ్ల, ఆకివీడు, మొగల్తూరు మొదలుకొని గోదావరి దాటి సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన వరకు ఇదే తంతు. మందు మారుతుంది, కంపెనీ మారుతుంది, నాచు మాత్రం మారదు. దానికి కారణం సూటిగా చెప్పుకోవాలి. నాచు బతకడానికి కావలసిన తిండి చాలావరకు మేత సంచుల్లోంచే చెరువులో పడుతోంది. చెరువు వదిలిన నీరు పక్క రైతు తోడుకునే డ్రెయిన్‌లోకే పోతోంది. ఈ రెండూ సరిచేయకుండా నాచును చంపే మందుల మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. దేశంలో పండే రొయ్యల్లో మూడింట రెండు వంతులకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను ముంచేసింది. 2009లో వనామీ సాగుకు కేంద్రం అనుమతి ఇచ్చాక డెల్టా మళ్లీ లేచి నిలబడింది. పసిఫిక్ తీరం నుంచి వచ్చిన ఈ రొయ్య తక్కువ ఉప్పదనంలోనూ బతుకుతుంది. అందుకే సముద్రానికి దూరంగా ఉన్న వరి చేలు సైతం చెరువులయ్యాయి. ఆ తక్కువ ఉప్పు నీరే నీలి ఆకుపచ్చ నాచుకు ఎంతో అనుకూలం. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కిలోకు మిగిలే నాలుగు రూపాయలు ఎంత సులువుగా ఆవిరవుతాయో రైతు కళ్లారా చూశాడు. ధర మన చేతిలో లేదు. నీరు మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

నాచుతో వ్యవహరించే ముందు అది ఏ నాచో తెలియాలి. చెరువులో పెరిగే ప్రతి పచ్చదనమూ చెడ్డది కాదు. లేత గోధుమ, బంగారు రంగు నీరు సాధారణంగా డయాటమ్‌లకు గుర్తు. సిలికా పెంకు ఉండే ఈ సూక్ష్మజీవులు పిల్ల రొయ్యకు మంచి ఆహారం. క్లోరెల్లా లాంటి ఆకుపచ్చ నాచు మితంగా ఉంటే నీటికి నీడపట్టు, పగటి పూట ఆక్సిజన్. అసలు నాచే లేని తేట నీటిలో ఎండ అడుగు దాకా దిగుతుంది. అప్పుడు నేల మీద దారంలా అల్లుకునే నాచు పుడుతుంది. రొయ్యలు అందులో చిక్కుకుంటాయి, అది కుళ్లితే అడుగు నల్లబడుతుంది.

అసలు తలనొప్పి నీలి ఆకుపచ్చ నాచుతో. మైక్రోసిస్టిస్, ఆసిల్లటోరియా, అనబీనా ఈ జాతిలోవే. శాస్త్రం లెక్కలో ఇవి బ్యాక్టీరియా. వీటిలో చాలా రకాల కణాల్లో గాలి బుడగల్లాంటి గదులుంటాయి కాబట్టి నీటిపైకి తేలి ఎండను సొంతం చేసుకుంటాయి, కింద ఉన్న మంచి నాచుకు వెలుతురు అందనివ్వవు. గాలి ఎటు వీస్తే అటు మూలకు చేరి తెట్టు కడతాయి. రొయ్యకు ఇవి మంచి తిండి కావు. కొన్ని రకాలు విషాలనూ విడుదల చేస్తాయి. స్పిరులినా సబ్‌సల్సా అనే నీలి ఆకుపచ్చ నాచు రొయ్యకు హాని చేస్తుండవచ్చని అమెరికాకు చెందిన రొయ్యల వ్యాధుల నిపుణుడు డొనాల్డ్ లైట్నర్ 1978లోనే పత్రం ప్రచురించారు. తొలకరి వాన పడినప్పుడు లేచే మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని కూడా ఇవి తయారు చేస్తాయి. వానలో ఆ వాసన హాయి. రొయ్య మాంసంలో అదే వాసన వస్తే కొనేవాడు సరుకు తిప్పి పంపుతాడు.

మూడో రకం డైనోఫ్లాజెలేట్లు. నీరు ఎర్రగానో, ముదురు గోధుమగానో మారుతుంది. కొన్ని రకాలు రాత్రిపూట నీటిని కదిపితే మెరుస్తాయి. అయితే విబ్రియో జాతి బ్యాక్టీరియాలో కొన్ని కూడా మెరుస్తాయి. రెంటికీ చేయాల్సిన పని వేరు. కంటితో చూసి ఊహించి మందు వేయడంలోని ప్రమాదం ఇక్కడే ఉంది.

ఇంటి దగ్గర చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. తెట్టులోకి ఒక కర్ర ముంచి తీయాలి. కర్రకు దారాలు వేలాడితే అది దారపు నాచు. పచ్చ రంగు పూసినట్టు పట్టుకుంటే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. ఇంకొకటి, గాజు సీసాలో ముప్పాతిక వంతు చెరువు నీరు పట్టి ఒక రాత్రంతా కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. తెల్లారాక పచ్చదనం అడుగుకు దిగితే భయం తక్కువ. పైకి తేలి అంచున వలయం కడితే నీలి ఆకుపచ్చ నాచు ఉందని అనుమానించాలి. నిర్ధారణకు మాత్రం సూక్ష్మదర్శిని తప్పదు. రంగు మారిన నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి జీవి పేరు తేల్చడం తెలుగు నేలకు కొత్త విద్య కూడా కాదు. వాల్తేరు దగ్గర సముద్రపు నీరు రంగు మారడానికి ఆస్టీరియోనెల్లా అనే డయాటమ్ కారణమని డి.వి.సుబ్బారావు 1969లోనే అంతర్జాతీయ పత్రికలో రాశారు. యాభై ఏళ్లు దాటాక కూడా డెల్టాలో ఎందరో రైతులు అంచనా మీదే మందు పోస్తున్నారంటే ఆ విద్యను ఊళ్లకు చేర్చలేకపోయామనే అర్థం.

నాచు రొయ్యను నేరుగా చంపడం తక్కువ. ఊపిరాడకుండా చేసి చంపడమే ఎక్కువ. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. నాచు ఎంత చిక్కగా ఉంటే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అంత అడుగంటుతుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్య మేత మానుతుంది, రెండుకు దిగితే తేలడం మొదలవుతుంది. వర్షాకాలంలో వరసగా మూడు నాలుగు రోజులు మబ్బు పడితే పగటి ఉత్పత్తి కూడా బాగా తగ్గుతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. అప్పుడు జనరేటరు లేని రైతు చేతిలో ఏమీ మిగలదు.

పీహెచ్ సంగతీ ఇంతే. చిక్కటి నాచు పగలు నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేస్తుంది, మధ్యాహ్నానికి పీహెచ్ పైకి ఎగబాకుతుంది. పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది పదో వంతు లోపే. ముప్పై డిగ్రీల వేడిలో పీహెచ్ 9కి చేరితే అది సగానికి దగ్గరవుతుంది. పొద్దున, మధ్యాహ్నం పీహెచ్ చూసి తేడా అరపాయింటు దాటితే నాచు అదుపు తప్పుతోందని తెలుసుకోవచ్చు. తెలుపు నలుపు పలకలున్న సెచ్చి డిస్క్ దించితే ఇంకా తేలిక. అది 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే నీరు బాగున్నట్టు. ఇరవై సెంటీమీటర్లకే మాయమైతే ప్రమాదం గట్టు మీదికొచ్చి కూర్చున్నట్టే.

ఇక మందుల సంగతి. నాచును చంపడానికి మైలతుత్తం (కాపర్ సల్ఫేట్), బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) లాంటివి వాడుతున్నారు. మైలతుత్తం నాచుకే కాదు, రొయ్యకూ విషమే. దాని మోతాదు నీటి ఆల్కలినిటీలో నూరో వంతుకు మించకూడదని చెరువు నీటి శాస్త్రంలో పేరున్న ఆబర్న్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్లాడ్ బాయిడ్ సూత్రం. ఆల్కలినిటీ కొలవకుండానే పక్క చెరువు వాళ్లు వేసినంత మనమూ వేస్తే, ఆల్కలినిటీ తక్కువున్న చెరువులో అదే మోతాదు రొయ్యను తాకుతుంది. కొలిచి వేసినా తర్వాతి ముప్పు పోదు. ఒక్కసారిగా చచ్చిన నాచంతా కుళ్లడానికి మళ్లీ ఆక్సిజనే కావాలి. కుళ్లిన నాచులోని నత్రజని అమ్మోనియాగా మారుతుంది. అందులోని భాస్వరం నీటిలోకే తిరిగొచ్చి, కొత్త నాచుకు ఎరువవుతుంది. రాగి అడుగు మట్టిలో పేరుకుపోతుంది. ఇన్ని నష్టాలు తెలిసి కూడా మందును మొదటి అస్త్రంగా అమ్మేవారిని, సలహా ఇచ్చేవారిని రైతు గట్టిగా నిలదీయాలి.

ఇంతకీ ఈ ఎరువు ఎక్కడిది? లెక్క వేసి చూద్దాం. టన్ను మేతలో 35 శాతం మాంసకృత్తులుంటే నత్రజని సుమారు 56 కిలోలు. అందులో రొయ్య ఒంటికి పట్టేది మహా అయితే మూడో వంతు. మిగిలిన 37 కిలోలు విసర్జనగానో, తినకుండా మిగిలిన మేతగానో చెరువులోనే ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోల లోపే. అంటే టన్ను మేత వేసిన ప్రతిసారీ దాదాపు రెండు బస్తాల యూరియా చెరువులో కుమ్మరించినట్టు. ఎకరాకు రెండు టన్నుల పంట తీయాలంటే దగ్గరదగ్గర 2.8 టన్నుల మేత పడుతుంది. ఆ ఎకరం చెరువులో పంటకాలంలో మిగిలే నత్రజని ఐదు బస్తాల యూరియాతో సమానం. ఐదు బస్తాలు వేస్తే నీటిలో ఏమీ మొలవకూడదని డెల్టాలో ఏ వరి రైతూ ఆశించడు.

భాస్వరం కథ ఇంకా తీవ్రం. మేతలోని భాస్వరంలో రొయ్యకు దక్కేది నత్రజని కంటే కూడా తక్కువ. మిగతాది అడుగు బురదలో చేరి, పంట తర్వాత పంటకు నీటిలోకి కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని సొంతంగా పట్టుకోగలవు. నీటిలో నత్రజని తక్కువై భాస్వరం ఎక్కువైతే వాటిదే రాజ్యం. నాచు పెరుగుదలలో భాస్వరం పాత్రను ప్రపంచానికి కళ్లకు కట్టిన ప్రయోగం 1973లో కెనడాలోని ఆంటారియోలో జరిగింది. డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును నడుమ తెర కట్టి రెండుగా చీల్చింది. ఒక సగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన సగం చిక్కటి పచ్చగా మారింది, రెండోది మారలేదు. పైనుంచి తీసిన ఆ సరస్సు ఫోటో ఎన్నో దేశాల్లో డిటర్జెంట్లలో భాస్వరం తగ్గించే చట్టాలకు ఊతమిచ్చింది. మన చెరువుల దగ్గర మాత్రం మేతలో భాస్వరం ఎంతుందని అడిగే రైతు ఇప్పటికీ అరుదు.

ఇదే జీవి వరి చేలో మిత్రుడు. చేలో నత్రజని స్థిరీకరించేది నీలి ఆకుపచ్చ నాచేనని పి.కె.డే 1939లో చూపించారు. తర్వాత వ్యవసాయ శాఖలే దాన్ని జీవ ఎరువుగా రైతులకు సిఫారసు చేశాయి. అంటే తేడా నాచులో లేదు, అది ఎక్కడ, ఎంత పెరుగుతోందన్న దానిలోనే ఉంది. ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియం పెంచేవారికీ ఇది అనుభవమే. కొత్త తొట్టిలో గాజు మీద గోధుమ రంగు పొర వస్తే అది డయాటమ్, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. ఇసుక మీద ఎర్రటి జిగురు పొర కడితే నీలి ఆకుపచ్చ నాచు జాతి. పచ్చని వెంట్రుకల్లాంటి నాచు రాళ్లను కప్పేస్తే చేపలకు వేసే మేత మించిపోతోందని గుర్తు. అనుభవమున్న వారు మేత తగ్గిస్తారు, నీరు మారుస్తారు, లైటు వెలిగే గంటలు తగ్గిస్తారు, నత్తలను వదులుతారు. కొందరు పక్కన చిన్న తొట్టి పెట్టి అందులో కీటోమార్ఫా అనే దారపు నాచును కావాలని పెంచుతారు. అది నీటిలోని నత్రజని, భాస్వరం లాగేస్తే పెద్ద తొట్టి తేటగా ఉంటుంది. మన ఉప్పునీటి చెరువుల్లో రొయ్యలను చిక్కించుకునే నాచుల్లో ఇదీ ఒకటి. గాజు తొట్టిలో పనిచేసే సూత్రం ఎకరం చెరువులోనూ పనిచేస్తుంది: మేత అదుపు చేయి, మిగిలిన ఎరువును నీకు నచ్చిన చోట పెరిగే జీవికి పెట్టు.

రైతు తన గట్టు మీద ఈ పంటలోనే చేయగలిగినవి ఉన్నాయి. రొయ్య తిన్నదీ లేనిదీ చూసుకునే చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించాలి. మబ్బు పట్టిన రోజుల్లో, రొయ్య పొర విడిచే రోజుల్లో మరీ తగ్గించాలి. మేత చార్టులో రాసి ఉందని అంతా వేయడం నాచుకు విందు. తెట్టును మూలకు చేరనిచ్చి సన్న వలతో తీసి గట్టు అవతల పూడ్చాలి. అలా తీసిన ప్రతి బుట్టతోపాటు కొంత భాస్వరం కూడా చెరువు దాటుతుంది. బెల్లం, మొలాసిస్ వేసే పద్ధతికీ శాస్త్రం అండ ఉంది. కార్బన్, నత్రజని నిష్పత్తి పెంచితే బ్యాక్టీరియా అమ్మోనియాను తినేసి నాచుకు దక్కకుండా చేస్తుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ 1999లో వివరించారు. కాకపోతే ఆ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. ఏరియేటర్లు సరిపడా లేని చెరువులో బెల్లం పోయడం ప్రమాదం. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి, పగుళ్లిచ్చేదాకా ఆరనిచ్చి, నల్ల బురద తీసేయాలి. ఆ విరామం లేకుండా ఏడాది పొడవునా సీడ్ వేస్తూ పోతే అడుగున భాస్వరం బాకీ పెరుగుతూనే ఉంటుంది.

కానీ ఒక్క రైతు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇంతవరకే రాగలడు. చెరువులోకి వచ్చే నీరే పచ్చగా ఉంటే అతను ఏం చేయగలడు? కాటన్ కాలువలు డెల్టాకు నీరిచ్చాయి. డ్రెయిన్లు ఆ నీటిని, వాన నీటిని సముద్రానికి చేర్చడానికి. 1960ల్లో వరదల తర్వాత మిత్ర కమిటీ డెల్టా మురుగు పారుదలను అధ్యయనం చేసినప్పుడు కూడా ఆలోచన వరి చేల ముంపు గురించే. ఈరోజు అవే డ్రెయిన్లు రెండు పనులు చేస్తున్నాయి. పైనున్న చెరువు వాటిలోకి వదులుతుంది, కిందున్న చెరువు వాటిలోంచి తోడుకుంటుంది. యనమదుర్రు, గొంతేరు డ్రెయిన్ల నీటిని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థం, చెరువుల బురద అన్నీ అందులోనే. గుర్రపు డెక్క అడ్డుపడి పారుదల మందగిస్తే ఎరువు నిండిన నీరు ఎండలో నిలుస్తుంది. నీలి ఆకుపచ్చ నాచుకు అంతకన్నా అనువైన చోటు లేదు.

తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం కింద మొదట వచ్చిన నిబంధనల్లో ఐదు హెక్టార్లు, అంతకు మించిన రొయ్యల క్షేత్రాలు వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు పెట్టుకోవాలని ఉంది. డెల్టాలో చెరువులు చాలావరకు అంతకన్నా చిన్నవి, అందులోనూ ఎక్కువ కౌలువి. రెండెకరాల కౌలు రైతును, వదిలే నీటిలోని బురద దిగడానికి అరెకరం సెటిలింగ్ చెరువుకు వదలమంటే ఆ అరెకరం కౌలు ఎవరు కడతారని అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు జట్టుగా చేయడంలో ఉంది, ఆ జవాబు డెల్టాలోనే దొరుకుతుంది. 2000ల మొదట్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య నాకా కలిసి మొగల్తూరులో చిన్న రైతులను ఆక్వా క్లబ్బులుగా కూర్చాయి. ఒకే సమయంలో సీడ్ వేయడం, చెరువులు కలిసి సిద్ధం చేసుకోవడం, ఎవరి చెరువులో తేడా వచ్చినా మిగతావారికి చెప్పి నీరు వదలకుండా ఆపడం అక్కడ నేర్పారు. వ్యాధులు తగ్గాయి, పంట నిలకడగా వచ్చింది. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా సుస్థిర ఆక్వాకల్చర్ జాతీయ కేంద్రం నాక్సా ఏర్పడింది. టైగర్ రొయ్య కాలంలో జబ్బు కోసం చేసిన ఆ ఏర్పాటు ఇప్పుడు నీటి కోసం మళ్లీ కావాలి.

ఫిలిప్పీన్స్‌లోని నెగ్రోస్ ద్వీపంలో 1990ల చివర వ్యాధులతో చితికిన రొయ్యల రైతులు తిలాపియా పెంచే చెరువు నీటిని రొయ్య చెరువుకు వాడే పద్ధతికి మారారు. మన తీరాన పాలబొంత, మల్లెట్ లాంటి చేపలున్నాయి. డ్రెయిన్ వెంట పది ఇరవై మంది రైతులు కలిసి, నీరు తీసుకునే చోట ఒక చెరువు, వదిలే చోట ఒక చెరువు ఉంచుకుని, అందులో నాచు తినే చేపలు వేస్తే నీరు నిలుస్తుంది, బురద దిగుతుంది, చేప అదనపు ఆదాయం. కౌలు భారం పది మందికీ పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడేది కొద్దిగానే.

ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఉండిలో చేపల పరిశోధన కేంద్రం ఉంది, కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, నరసాపురానికి మత్స్య విశ్వవిద్యాలయం మంజూరైంది. గ్రామ సచివాలయాలు వచ్చాక గ్రామ మత్స్య సహాయకులూ వచ్చారు. ఆ సహాయకుడి చేతికి ఒక సూక్ష్మదర్శిని, ఒక ఆక్సిజన్ మీటరు, ఒక సెచ్చి డిస్క్ ఇచ్చి, ఏ నాచు ఎలా ఉంటుందో వారం రోజుల శిక్షణ ఇస్తే మందుల షాపు చెప్పేదానికి ముందు రైతుకు మరో మాట వినిపిస్తుంది. యనమదుర్రు, గొంతేరు, ఉప్పుటేరు పొడవునా నెలకోసారి భాస్వరం, అమ్మోనియా కొలిచి ఫలితాలను రైతులకు తెలిసేలా తెలుగులో ప్రకటించాలి. మేత సంచి మీద మాంసకృత్తుల శాతం పక్కనే భాస్వరం శాతం కూడా రాయించాలి. వ్యర్థజల శుద్ధి నిబంధన ఒక్కో క్షేత్రానికి కాక ఒకే డ్రెయిన్ మీద ఆధారపడిన చెరువుల సమూహానికి వర్తించేలా మార్చి, సెటిలింగ్ చెరువు కట్టుకునే సంఘాలకు సబ్సిడీ ఇవ్వాలి. విద్యుత్ రాయితీలో కొంత భాగాన్ని ఈ షరతుకు ముడిపెట్టినా తప్పులేదు.

వచ్చే పంటకు సీడ్ బుక్ చేసే ముందు ఒకే డ్రెయిన్ మీద ఉన్న రైతులు ఒకచోట కూర్చోవాలి. ఎవరు ఎప్పుడు నీరు తోడాలి, ఎప్పుడు వదలాలి, బురద ఎక్కడ వేయాలి అన్నది కాగితం మీద రాసుకోవాలి. మత్స్య శాఖ అధికారులు ఆ సమావేశానికి వచ్చి ఆ ఒప్పందాన్ని నమోదు చేయాలి. ఈ పని ఈ ఏడాదే మొదలవ్వాలి.